తెర ముందు అలసే కళ్ళు: కారణం గుర్తించి ఉపశమనం పొందే క్రమం

కందుకూరులో మా ఆన్‌లైన్ సేవల కేంద్రం ఉదయం తొమ్మిదికి తెరిస్తే రాత్రి ఎనిమిదికి గాని మూయడం కుదరదు. అడంగల్, వన్‌బీ నకళ్ళు కావలసిన రైతులు, ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) కౌన్సెలింగుకు సర్టిఫికెట్లు ఎక్కించుకోవలసిన పిల్లలు, పింఛను వివరాలు సరిచూసుకునే పెద్దలు వరుసగా వస్తూనే ఉంటారు. మే, జూన్ నెలల్లోనైతే తెర మీద నుంచి తల తిప్పే తీరిక దొరకదు. పదేళ్ళు ఇలా గడిచాక ఒక వేసవిలో, సాయంత్రం నాలుగు దాటేసరికి కనుబొమల మధ్య లాగుడు, కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగర, తల ఎత్తి చూస్తే ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కొన్ని క్షణాలు మసకగా కనిపించడం మొదలయ్యాయి. ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నవి, కళ్ళ డాక్టరు చెప్పగా పాటించినవి ఇక్కడ క్రమంగా రాస్తున్నాను. నెల్లూరులో బ్యాంకు కౌంటరులో కూర్చునేవారికైనా, చీమకుర్తి గ్రానైట్ యార్డులో లెక్కలు రాసేవారికైనా, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసేవారికైనా ఈ క్రమం ఒకటే.

మొదటి అడుగు: కంటిలో ఏం జరుగుతున్నదో గ్రహించడం

తెర వల్ల కలిగే అలసటకు ప్రధానంగా రెండు మూలాలు ఉన్నాయి. రెంటికీ ఉపాయాలు వేరు కాబట్టి ముందుగా వాటిని విడదీసి చూడాలి.

మొదటిది కంటి లోపలి కండరం. దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు ఈ కండరం సడలి ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే అది బిగుసుకుని లోపలి కటకాన్ని లావుగా మార్చాలి. అదే సమయంలో రెండు కనుగుడ్లనూ ముక్కు వైపుకు తిప్పి పట్టుకునే బయటి కండరాలు కూడా పనిచేస్తూ ఉండాలి. ఈ శ్రమ ఎంతో లెక్క కట్టడం కష్టమేమీ కాదు: 100ను సెంటీమీటర్లలో ఉన్న దూరంతో భాగిస్తే కన్ను పెట్టవలసిన శక్తి, కళ్ళద్దాల పవర్‌ను కొలిచే డయాప్టర్లలోనే వస్తుంది. 60 సెంటీమీటర్ల దూరంలోని కంప్యూటరుకు 1.7, 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న పుస్తకానికి 2.5, ముఖానికి జానెడు దూరంలో, అంటే సుమారు 25 సెంటీమీటర్లలో పట్టుకున్న ఫోనుకు 4 డయాప్టర్లు కావాలి. ఇరవై ఏళ్ళ వయసులో కంటికి సుమారు 10 డయాప్టర్ల శక్తి ఉంటుంది. 45 వచ్చేసరికి అది 4 దరిదాపులకు పడిపోతుంది. ఉన్న శక్తిలో సగమైనా నిల్వ ఉంటేనే కన్ను గంటల తరబడి హాయిగా పనిచేయగలదు. కాబట్టి నలభై ఐదేళ్ళ మనిషి ఫోనును జానెడు దూరంలో పట్టుకుని గంటసేపు చూస్తే, శక్తినంతా అక్కడే ఖర్చు పెట్టినట్టవుతుంది. పని ఆపి తల ఎత్తగానే ఎదుటి మనిషి మసకగా కనిపించడానికి కారణం, బిగుసుకున్న కండరం వెంటనే సడలకపోవడమే.

రెండవది కన్ను పొడిబారడం. కంటి మీద ఉండే కన్నీటి పొర ఉత్త నీరు కాదు: కంటికి అంటి ఉండే జిగురు పొర, దాని మీద నీటి పొర, అది ఆవిరి కాకుండా పైన పలుచని నూనె పొర ఉంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ ఈ మూడూ కొత్తగా పరుచుకుంటాయి. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేసే మనిషి, తెర చూసేటప్పుడు 5 నుంచి 7 సార్లే వేస్తాడు. వేసిన వాటిలోనూ చాలావరకు సగంలోనే ఆగిపోతాయి, అందువల్ల కంటి కింది భాగం తడి అందక ఎండిపోతుంది. కళ్ళు పొడిబారితే నీళ్ళు కారడమేమిటని చాలామంది అడుగుతారు. ఎండిన చోట మంట పుట్టి, ఆ మంటకు కన్ను ఒక్కసారిగా నీటిని వదులుతుంది. ఆ నీటిలో నూనె ఉండదు కాబట్టి అది చెంప మీదికి జారిపోతుందే గాని కంటిని కాపాడదు.

ఈ రెంటిలో ఎక్కడా తెర కంటిని శాశ్వతంగా పాడుచేస్తుందన్న మాట లేదని గమనించండి. పెద్దవారి విషయంలో ఇది అలసటే. పద్ధతి మారిస్తే తగ్గే అలసట.

రెండవ అడుగు: మూడు రోజుల లెక్క

ఏ మందూ వాడకముందు, ఏ అద్దమూ కొనకముందు ఒక చిన్న నోటు పుస్తకం పక్కన పెట్టుకుని మూడు రోజులపాటు బాధ ఏ వేళకు మొదలైంది, ఎక్కడ మొదలైంది, ఎంతసేపు ఉంది అన్న మూడు సంగతులు రాయండి. లాగుడు, నుదుటి నొప్పి, దూరపు మసక ఉంటే కండరం వైపు, లేదా కళ్ళద్దాల పవర్ వైపు చూడాలి. గరగర, మంట, నీళ్ళు ఉంటే పొడిదనం వైపు చూడాలి. మెడ, భుజాలు పట్టేస్తుంటే తెర ఎత్తు సరిగా లేదని అర్థం. అలసట వల్ల వచ్చే తలనొప్పి పనితోపాటు పెరిగి సాయంత్రానికి ముదురుతుంది. నిద్ర లేస్తూనే తలనొప్పి ఉంటే దాని కారణం మరొకటి అయి ఉండవచ్చు, దాన్ని తెర మీదికి నెట్టి ఊరుకోకూడదు.

ఇంకో పరీక్ష ఇంట్లోవారి సాయంతో చేయాలి. మీరు పనిలో ఉండగా, మీకు తెలియకుండా, ఒక నిమిషంలో మీ రెప్పలు ఎన్నిసార్లు పడ్డాయో లెక్కపెట్టమనండి. మా అమ్మాయి కేంద్రంలో నా పక్కన కూర్చుని అలా లెక్కపెట్టింది. వచ్చినవారితో మాట్లాడుతున్న నిమిషంలో 17 వచ్చాయి. ఆధార్ అంకెలు ఎక్కిస్తున్న నిమిషంలో నాలుగే వచ్చాయి. "నాన్నా, నువ్వు ఊపిరైనా తీసుకుంటున్నావా?" అని అడిగింది. నాలుగు అన్న అంకె చూశాక నాకు నా కళ్ళ మంట గురించి వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది.

మూడవ అడుగు: దూరం, ఎత్తు సరిచేయడం

తెరకూ కంటికీ మధ్య చెయ్యి చాచినంత దూరం, అంటే 20 నుంచి 26 అంగుళాలు ఉండాలి. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని చెయ్యి చాచితే అరచెయ్యి తెరకు తాకీ తాకనట్టు ఉండటం సరైన కొలత. తెర పై అంచు కంటి మట్టానికి సమానంగా గాని కాస్త కిందుగా గాని ఉండాలి, మధ్యభాగం నాలుగైదు అంగుళాలు కిందికి రావాలి. చూపు కొంచెం కిందికి వాలినప్పుడు రెప్ప కంటిని ఎక్కువగా కప్పుతుంది, తడి ఆరడం తగ్గుతుంది. ఎత్తున పెట్టిన తెరను కళ్ళు విప్పార్చి చూడవలసి వస్తుంది. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల మీద పెట్టి ఎత్తు పెంచితే విడిగా ఒక కీబోర్డు తగిలించుకోవాలి, లేకుంటే భుజాలు బాధపడతాయి.

ఫోనుకు మన పాత కొలతే చాలు. మోచెయ్యి నుంచి పిడికిలి కణుపుల దాకా ఉన్న దూరం, అంటే దాదాపు 40 సెంటీమీటర్లు, ఫోనుకు కనీస దూరం. పడుకుని చూసేటప్పుడు ఈ దూరం తెలియకుండానే సగమవుతుంది, అందుకే కూర్చుని చూడమని చెబుతారు.

నాలుగవ అడుగు: వెలుతురు, గాలి

కిటికీ మీ వెనుక ఉంటే దాని వెలుగు తెర మీద పడి మెరుస్తుంది, తెర వెనుక ఉంటే నేరుగా కళ్ళలో కొడుతుంది, పక్కన ఉండాలి. తెర కాంతి ఎంత ఉండాలన్నది తెలియాలంటే ఒక తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని చూడండి. కాగితం కంటే తెర దీపంలా వెలుగుతుంటే కాంతి తగ్గించాలి, బూడిద రంగులో కనిపిస్తే పెంచాలి. పగలు ఒక మాదిరి, రాత్రి ఒక మాదిరి పెట్టుకోక తప్పదు.

గాలి సంగతి మన ప్రాంతంలో వెలుతురు కంటే ముఖ్యమని నా అభిప్రాయం. మే నెలలో పడమటి నుంచి వీచే వడగాలికి తడిగుడ్డే నిమిషాల్లో ఆరిపోతుంది, రెప్ప వేయని కంటి సంగతి చెప్పేదేముంది? దానికి తోడు ఉక్కపోత భరించలేక టేబుల్ ఫ్యానును ముఖానికి ఎదురుగా పెట్టుకుంటాము. నేను నాలుగేళ్ళు అలాగే కూర్చున్నాను. ఫ్యానును కాళ్ళ వైపుకు, పక్కగా తిప్పిన మొదటి వారంలోనే గరగర సగానికి తగ్గింది. నేను చేసిన మార్పులన్నిటిలో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే. ఏసీ గదిలో పనిచేసేవారు దాని రెక్కలను ముఖం మీద గాలి పడకుండా పైకి తిప్పుకోవాలి, మధ్యమధ్య నీళ్ళు తాగుతుండాలి. ఎండలో బండి మీద తిరిగేవారికి కళ్ళజోడో, హెల్మెట్ అద్దమో తప్పనిసరి. గాలి, దుమ్ము తగిలి వచ్చిన కన్ను తెర ముందు కూర్చోకముందే అలసిపోయి ఉంటుంది.

ఐదవ అడుగు: అక్షరం పెంచడం

ఈ మధ్య ఉలవపాడు వైపు నుంచి వచ్చే ఒక రొయ్యల రైతు ఫోనులో ఆ రోజు ధరలు చూసుకుంటూ, "ఏందబ్బయ్యా, ఈ అక్షరాలన్నీ అలికినట్టు కనపడతా ఉండాయి" అన్నాడు. చూస్తే అక్షరాలు ఫోను కొన్ననాటి చిన్న సైజులోనే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో రెండు మెట్లు పెంచి ఇస్తే కళ్ళు చికిలించకుండా చదివాడు. దీనికి ఒక లెక్క ఉంది: మీరు అతి కష్టం మీద చదవగలిగిన అక్షరం కంటే మూడు రెట్లు పెద్ద అక్షరంతో పని చేయాలి. మీ మామూలు దూరానికి మూడు రెట్లు వెనక్కి జరిగినా చదవగలుగుతున్నారంటే ఆ సైజు సరిపోయినట్టే. ఒత్తులు, గుడులు దగ్గర దగ్గరగా ఉండే తెలుగు అక్షరాలకు ఆంగ్లాక్షరాల కంటే కొంచెం ఎక్కువ సైజే కావాలి. నల్లని తెర మీద తెల్ల అక్షరాలు కొందరికి హాయినిస్తాయి, సిలిండర్ పవర్ ఉన్నవారికి (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేనివారికి) అవి చెదిరినట్టు కనిపించవచ్చు. మీ కంటికి ఏది నప్పితే అది ఉంచుకోండి.

ఆరవ అడుగు: చూపుకు విడుపు, కంటికి రెప్ప

అన్నిటిలోకీ క్రమం తప్పకుండా చేయవలసినది ఇది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లపాటు చూడాలన్న నియమం చాలామందికి తెలుసు. ఇరవై అడుగులే ఎందుకంటే, సుమారు ఆరు మీటర్ల అవతల ఉన్నదాన్ని చూసేటప్పుడు లోపలి కండరం దాదాపు పూర్తిగా సడలుతుంది. నియమం తెలిసినవారు చేసే పొరపాటు ఒకటుంది: తెర మీద నుంచి చూపు తిప్పి చేతిలోని ఫోను చూస్తారు. అది విశ్రాంతి కాదు, అంతకంటే దగ్గరి పని.

మా కేంద్రంలో ఎదురు గోడ ఎనిమిది అడుగుల్లోనే ఉంది. అందుకని కుర్చీని వీధి వాకిలి కనిపించేలా తిప్పుకున్నాను. రోడ్డుకు అవతల ఉన్న వేపచెట్టు నాకు గురి. ఆ చెట్టును ఊరికే చూడను, ఒక కొమ్మ ఎంచుకుని దాని చివరి ఆకుల అంచులు విడివిడిగా తేటపడేదాకా చూస్తాను. మొదట్లో అవి తేటపడటానికి పది, పన్నెండు సెకన్లు పట్టేది. అంతసేపు పట్టిందంటే కండరం అంతగా బిగుసుకుని ఉందన్నమాట. రెండు మూడు వారాలు నడిపాక చూపు వేయగానే ఆకు కనిపించసాగింది. మీకు చెట్టు లేకుంటే నీళ్ళ ట్యాంకు, గుడి గోపురం, అవతలి మేడ మీద ఆరేసిన బట్టలు, ఏదైనా సరే, చూపు నిలపడానికి ఒక అంచు ఉంటే చాలు. ఇరవై నిమిషాలకు వీలుకాని పనుల్లో ఒక్కొక్క దరఖాస్తు ముగిశాక, ఒక్కొక్క మనిషి లేచి వెళ్ళాక అని గుర్తు పెట్టుకోండి. గడియారం కంటే పనికి ముడిపెట్టిన అలవాటు నాకు బాగా నిలిచింది. రెండు గంటలకు ఒకసారి పది, పదిహేను నిమిషాలు లేచి తిరగాలి.

దగ్గరి పని వల్ల కళ్ళలసిపోవడం కంప్యూటర్లతో వచ్చింది కాదు. వెంకటగిరిలో మా మేనత్త జాందానీ నేసేది. పోగు తెగినప్పుడో, నాడెలో కండె మార్చవలసినప్పుడో ఆమె చెయ్యి ఆగేది, తల పైకి లేచేది, చూపు వాకిట్లోకి వెళ్ళేది. మగ్గం తానుగా ఇచ్చే ఆ విడుపును తెర ఇవ్వదు, దాన్ని మనమే కల్పించుకోవాలి.

రెప్పల సాధన ఇలా చేయాలి. కళ్ళు మెల్లగా మూయండి, పై రెప్ప కింది రెప్పకు పూర్తిగా తాకాలి. రెండు లెక్కపెట్టండి. మూసి ఉంచే కాస్త అదిమి, వదిలి, తెరవండి. గంటకొకసారి ఇలా పదిసార్లు చేస్తే రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి నూనె కంటి మీద పరుచుకుంటుంది.

ఏడవ అడుగు: కళ్ళద్దాలు

పై పద్ధతులన్నీ పాటించినా లాగుడు తగ్గకపోతే పవర్ పరీక్ష చేయించుకోవాలి. దూరం బాగా కనిపిస్తోంది కాబట్టి సైటు లేదనుకోవడం పొరపాటు. కొద్దిపాటి ప్లస్ పవర్, కొద్దిపాటి సిలిండర్ ఉన్నవారు కండరం బలంతో లాగించుకుంటూ వస్తారు, సాయంత్రానికి దాని ఫలితం తలనొప్పిగా బయటపడుతుంది.

నలభై దాటి చత్వారం వచ్చినవారికి ఇంకొక చిక్కు ఉంది. చదివే అద్దాలు 40 సెంటీమీటర్లకు ఇస్తారు, కంప్యూటరు అరవైలో ఉంటుంది. పైన దూరానికి, కింద దగ్గరికి రెండు పవర్లున్న అద్దాలు (బైఫోకల్స్) పెట్టుకున్నవారు కింది భాగం నుంచి తెర చూడటానికి గడ్డం పైకెత్తుతారు, ఆ మెడ నొప్పికి వేరే మందులు మింగుతుంటారు. పరీక్షకు వెళ్ళేముందు మీ కుర్చీలో మామూలుగా కూర్చుని, కంటి నుంచి తెరకు ఎంత దూరమో టేపుతో కొలిపించి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆ దూరానికి సరిపడే అద్దం విడిగా రాయమని అడగండి. ఈ ఒక్క అంకె చెప్పకపోవడం వల్ల వేలు పోసి చేయించిన అద్దాలు పెట్టెలో పడి ఉండటం చాలా ఇళ్ళలో చూశాను.

నీలి కాంతిని ఆపే అద్దాల గురించి అడగనివారు లేరు. 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 పరీక్షల ఫలితాలను కలిపి పరిశీలించినప్పుడు, కంటి అలసటను తగ్గించడంలో మామూలు అద్దాల కంటే ఇవి స్వల్పకాలంలో ఎక్కువ మేలు చేస్తున్నట్టు కనిపించలేదు. తెర కంటే పగటి ఆకాశం నుంచి వచ్చే నీలి కాంతి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పూతకు అదనంగా డబ్బు పెట్టేకన్నా సరైన పవర్‌కు, సరిగ్గా నిలిచే ఫ్రేముకు పెట్టడం మంచిది. రాత్రిపూట తెర కాంతి నిద్రను వెనక్కి నెడుతుందన్నది వేరే విషయం. దానికి పడుకునే గంట ముందు ఫోను పక్కన పెట్టడమే ఉపాయం.

చదువుతుంటే వరుసలు రెండుగా చీలడం, అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి జరగడం ఉంటే, పెన్సిలు మొనను మెల్లగా ముక్కు వైపుకు తెచ్చి చూడండి. పది సెంటీమీటర్ల కంటే దూరంలోనే మొన రెండుగా కనిపిస్తే కళ్ళు లోపలికి తిరిగే శక్తి తక్కువగా ఉండవచ్చు. దానికి ప్రత్యేక వ్యాయామాలు ఉన్నాయి, వాటిని నిపుణుల దగ్గర నేర్చుకోవాలి.

ఎనిమిదవ అడుగు: మందులు, ఇంటి వైద్యం

పొడిదనానికి కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం వంటి కన్నీటి చుక్కలు ఉపశమనమిస్తాయి. రోజుకు నాలుగుసార్లకు మించి అవసరమైతే ప్రిజర్వేటివ్ లేని రకాన్ని డాక్టరు చేత రాయించుకోవాలి. సీసా మూత తీసిన తేదీ దాని మీద రాసి, నెల తరువాత పారేయాలి. అలర్జీకి వాడే సెట్రిజిన్ వంటి మాత్రలు కళ్ళను మరింత పొడిబార్చగలవు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటి వేసవిలో నేను డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఒక మందుల షాపులో "కళ్ళు ఎర్రబడ్డాయి, ఏదైనా ఇవ్వండి" అని అడిగాను. వాళ్ళిచ్చిన చుక్కలతో మర్నాటికే ఎరుపు పోయింది, అది చూసి మురిసి మూడు నెలలపాటు ఎప్పుడు మండితే అప్పుడు వేసుకున్నాను. చివరికి డాక్టరు ఆ సీసా తిప్పి చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉందని చెప్పి, వెంటనే కంటి ఒత్తిడి కొలిచారు. అప్పటికే కొంచెం పెరిగి ఉంది, మాన్పించాక దిగింది. స్టెరాయిడ్ చుక్కలు పర్యవేక్షణ లేకుండా వాడితే నీటికాసులు (గ్లాకోమా), శుక్లాలు రాగలవు; నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. చీటీ లేకుండా ఏ కంటి చుక్కలూ కొనవద్దని నేను చేతులు జోడించి చెబుతున్నాను.

కళ్ళలో ఆముదం, తేనె, ఉల్లిరసం, పాలు, ఆకు పసర్లు ఏవీ వేయకూడదు. చల్లని నందివర్ధనం పూలను కడిగి, మూసిన రెప్పల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అంతవరకు మంచిదే. వాటి రసం లోపలికి పిండరాదు. రెప్పల అంచున నూనె గ్రంథులు మూసుకుపోయినవారికి వేడి కాపడం మేలు చేస్తుంది: శుభ్రమైన గుడ్డను మణికట్టుకు ఓర్చుకోదగినంత వేడినీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద ఐదు నుంచి పది నిమిషాలు ఉంచాలి. గుడ్డ చల్లారినప్పుడల్లా మళ్ళీ ముంచాలి. తరువాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెత్తగా నిమరాలి.

పిల్లల విషయం

పెద్దవారి అలసట తగ్గేదే గాని, పిల్లల్లో ఎక్కువ దగ్గరి పని, తక్కువ ఆరుబయటి సమయం సైటు రావడానికి, పెరగడానికి తోడ్పడతాయి. రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లల్లో సైటు రావడం తగ్గుతుంది. మే ఎండలో కాదు, పొద్దున, సాయంత్రం ఆడనివ్వండి. రెండు నుంచి నాలుగేళ్ళ వయసువారికి రోజుకు ఒక గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి ఫోను చేతికివ్వడం మానుకోవాలి.

చివరి అడుగు: డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఎలా

ఒక్కసారిగా చూపు తగ్గడం, కంటి ముందు మెరుపులు, నల్లని చుక్కలు గుంపుగా కనిపించడం, తెర దించినట్టు ఒక పక్క చీకటి కావడం, ఎరుపుతోపాటు తీవ్రమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలతో తలనొప్పి, వాంతులు, హఠాత్తుగా అన్నీ రెండుగా కనిపించడం అలసట లక్షణాలు కావు. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే నెల్లూరు పెద్దాసుపత్రికో, ఒంగోలు రిమ్స్‌కో, దగ్గరలోని కళ్ళ ఆసుపత్రికో వెళ్ళాలి. రోజూ ఒక్కొక్క కన్ను అరచేత్తో మూసి రెండో కంటితో క్యాలెండరు అంకెలు చదివితే, ఒక కంటి లోపం రెండో కన్ను చాటున దాగకుండా బయటపడుతుంది. షుగరు ఉన్నవారు బాధ లేకపోయినా ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. షుగరు హెచ్చుతగ్గులకే చూపు మసకబారుతుంది, దాన్ని కంప్యూటరు మీద మోపకూడదు.

వెళ్ళేటప్పుడు మూడు రోజుల నోటు పుస్తకం, తెర దూరం రాసిన కాగితం, పాత కళ్ళద్దాలు, వాడుతున్న మందులన్నీ, షాపులో కొన్న చుక్కల సీసాలతో సహా, ఒక సంచిలో పెట్టుకోండి. పరీక్ష కోసం కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరం కనిపించదు, వెలుతురు పడదు. అందువల్ల బండి మీద ఒంటరిగా వెళ్ళకుండా ఇంట్లోవారిని ఒకరిని తోడు తీసుకుని, చలువ అద్దాలు జేబులో ఉంచుకుని, ఆ పూట తెర పని పెట్టుకోకుండా వెళ్ళిరండి.